కట్టని అంతస్తుకు వెళ్లిన లిఫ్టు

"నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ గ్లాసులో టీ ఇక్కడికిక్కడే చల్లారిపోవాలి," అన్నాడు బాబాయి గ్లాసు పైకెత్తి.

ఆ టీ చల్లారి చాలాసేపైంది. పైన మీగడ కూడా కట్టింది. టీ దుకాణం బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ ఆ సంగతి కనిపిస్తూనే ఉంది. అయినా ఎవరూ అనలేదు. కోతలు వినడానికి వచ్చినవాడు కొడవలి పదును చూడకూడదు.

బాబాయి ఎవరికీ సొంత బాబాయి కాదు, ఎదురుగా ఉన్న ఆఫీసంతటికీ బాబాయి. ప్రోగ్రాం రాయడానికి ముందు దాని నడకంతా కాగితం మీద గీసిపెట్టే మనిషి. ఇల్లు కట్టేముందు ప్లాను గీస్తారు చూడండి, అలాగే. ఏ పని ముందు, ఏది తర్వాత, ఇక్కడ అవునంటే ఎటు పోవాలి, కాదంటే ఎటు పోవాలి, అన్నీ బాక్సులు, బాణాలు. ఆ పనికే ఆయనకి జీతం. కానీ ఇప్పుడున్న పెద్దాయన కంపెనీ పగ్గాలు పట్టుకున్నాక, ముందుగా డిజైన్ అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ముందు కోడ్ రాసేస్తారు. అది పడుతూ లేస్తూ నిలబడ్డాక, కొనేవాళ్లకి చూపించడానికి బాబాయి చేత ఒక బొమ్మ గీయిస్తారు. చొక్కా కుట్టేశాక కొలతలు తీసుకున్నట్టు. ఆఫీసు గుమ్మంలో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు కూడా ఉంది: 'ముందు కదులు, తర్వాత ఆలోచించు.' గోతిలో పడ్డవాడు చేసేది కూడా అదే.

బెంచీ చివర గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మాయి ఆ కోడ్ రాసేవాళ్లలో ఒకతె. ఏ పని చెప్పినా "ఒకవేళ అలా జరక్కపోతే?" అని అడుగుతుంది కాబట్టి, ఆమెకి 'ఒకవేళ' అనే పేరే ఖాయమైపోయింది. ఆమె చేతిలో టీ కూడా చల్లారింది. ఆమె బాబాయి మొహం చూడటం లేదు. బెంచీ మీద బోర్లా పెట్టిన ఆయన ఫోన్ని చూస్తోంది.

ఆ ఫోన్ కాసేపట్లో మోగుతుంది. పెద్దాయన "సిద్ధమేనా?" అని అడుగుతాడు. సిద్ధమంటే, పెద్దాసుపత్రిలో కిడ్నీ రోగుల డయాలసిస్ వంతులన్నీ సోమవారం నుంచి వీళ్ల ప్రోగ్రామే ఇస్తుంది. కాదంటే ఆగుతుంది. ఆ మాట అనే అధికారం కంపెనీలో ఒక్క బాబాయికే ఉంది. గీసేవాడి మాట లేనిదే ఏదీ బయటికి వెళ్లకూడదని ఎప్పుడో మంచి రోజుల్లో ఎవరో పెట్టిన నియమం. ఆ నియమాన్ని ఎవరూ తీసెయ్యలేదు. తియ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ ప్రోగ్రాంకి ఒక రోగి వంతు గురించి రెండే సంగతులు తెలుసు. ఒకటి, ఇంకా మొదలవలేదు. రెండు, అయిపోయింది. రోగిని మిషన్ దగ్గర పడుకోబెట్టి మీట నొక్కగానే ఆ మనిషి పేరు రెండో బాక్సులో పడిపోతుంది. మరి మధ్యలో మిషన్ ఆగిపోతే? ఆ సంగతికి బాక్సు లేదు. ఎవరూ గీయలేదు కాబట్టి లేదు. ఇన్నాళ్లూ అలా జరిగితే నర్సు తల పట్టుకుని, "సాయంత్రం రామ్మా, ఎక్కడో ఒకచోట ఇరికిస్తాను," అనేది. సోమవారం నుంచి ఆ ఇరికించే పని నర్సు చేతిలో ఉండదు. అయిపోయిందని ప్రోగ్రాం అన్నాక, మళ్లీ వంతు వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

ఆ ఆసుపత్రిలో మిషన్లు పాతవి. ఆగుతూనే ఉంటాయి. ఒకవేళకి ఆ సంగతి కోడ్ చదివితే తెలియలేదు, పిన్నిని చూస్తే తెలిసింది. తల్లి పోయాక తనని చంకనేసుకుని పెంచిన పిన్ని ఇప్పుడు ఆ మిషన్ల మీదే బతుకుతోంది. మొన్నొక రోజు సగంలో మిషన్ ఆగిపోయి, వాచిన మొహంతో బయటికొచ్చి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "పర్లేదే, సాయంత్రం పిలుస్తానంది ఆ అమ్మాయి," అంది. పక్కన కూర్చున్న ఒకవేళకి అప్పుడే తట్టింది. తాను రాసిన ప్రోగ్రాంలో ఆ సాయంత్రం లేదు.

పొద్దున్న పెద్దాయన గదికి వెళ్లి చెప్పింది. బాక్సు ఒక్కటి అతికిస్తే సరిపోదనీ, మొత్తం మళ్లీ గీసుకుని రాయాలనీ, కొన్ని వారాలు ఆగితే చాలనీ చెప్పింది. ఆయన చిరునవ్వుతో విన్నాడు. "బాబాయి కాదంటే ఆపుతానమ్మా. నువ్వు కోడ్ రాసేదానివి. కోడ్ రాయి," అన్నాడు. ఆమె బాబాయి దగ్గరికి వెళ్లింది. బాబాయి అంతా విన్నాడు, ఆమె చూపించిన చోట వేలు పెట్టి మళ్లీ మళ్లీ చూశాడు, మొహం పాలిపోయింది. "నేను చూసుకుంటాలే తల్లీ. వదిలెయ్," అన్నాడు. ఆ తర్వాత టీకి కిందికి దిగాడు. దిగినవాడు ఇంకా పైకెక్కలేదు.

కాలేజీలో చదివిన పుస్తకాల వాక్యాలు ఆమె గొంతులో ఊరేగింపులా బారులు తీరి ఉన్నాయి. మౌనం కూడా ఒక సంతకమే. తల వంచిన చదువు తాకట్టు పెట్టిన చదువు. అన్నీ గోడల మీద రాయడానికి బాగుంటాయి. నెరిసిన జుట్టుకి రంగేసుకుని, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదని లోలోపల వణికే మనిషికి చెప్పడానికి మాత్రం వాటిలో ఒక్కటీ పనికిరాదు.

"నేను పాత కంపెనీలో ఉన్నప్పటి మాట ఇది," అని మొదలుపెట్టాడు బాబాయి. "ఊళ్లోకెల్లా ఎత్తైన మేడ కడుతున్నారు. దానికో లిఫ్టు. ఆ లిఫ్టుని నడిపించే ప్రోగ్రాం మా నెత్తిన పడింది. అప్పటి పెద్దమనిషి ముందు మన పెద్దాయన పిల్లకాకి అనుకోండి, ఆయన దగ్గితే ఫైళ్లు కింద పడేవి, అలాంటి మనిషి నన్ను గదిలోకి పిలిచి, ఏమయ్యా, రేపటికల్లా కోడ్ రాసిచ్చెయ్, అన్నాడు. నేను కూర్చోలేదు. చేతులు కట్టుకోలేదు. తిన్నగా ఆయన కళ్లల్లోకి చూసి, కుదరదు సార్, అన్నాను."

"అంతేనా?" అంది దుకాణం అక్క, పాలగిన్నె మీంచి కళ్లు తిప్పకుండా.

"అంతే. గీయకుండా రాయను, అన్నాను. గీత లేకుండా అక్షరం పడదు, అన్నాను. ఆయన మొహం కందగడ్డయింది. నేను కదల్లేదు. ఆఖరికి ఆయనే కుర్చీలో వెనక్కి వాలి, సరేనయ్యా గీయి, అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఒకవేళ తలెత్తింది. ఇంతసేపట్లో మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. కాసేపట్లో ఫోన్లో అనాల్సిన మాట ఇదే. ఈ మనిషి కథ చెప్పడం లేదేమో, ఆ మాటని నోటికి అలవాటు చేసుకుంటున్నాడేమో. ఈతకి ముందు నీళ్లల్లో కాలు పెట్టి చూసుకున్నట్టు.

"ఏమైంది బాబాయ్?" అంది, ఆశగా.

"కాగితం తీసుకున్నాను. లిఫ్టంటే ఏముంది, పైకీ కిందికీ, అంతేగా అనుకుంటారు మీరు. మీట నొక్కితే రావాలి. ఒకవేళ ఇద్దరు రెండు అంతస్తుల్లో ఒక్కసారే నొక్కితే? ఒక బాక్సు. ఒకవేళ నొక్కినవాడు విసుగొచ్చి మెట్లెక్కి పోతే? ఇంకో బాక్సు. ఒకవేళ లోపలికి ఎక్కినవాడు తను ఎందుకెక్కాడో మర్చిపోతే? దానికీ బాక్సు. ఇదిగో మన అమ్మాయి అప్పటికి ఉయ్యాల్లో ఉండి ఉంటుంది, ఆ రోజుల్లోనే ఈవిడ పేరు నేను కాగితం నిండా రాశాను."

అందరూ నవ్వారు. ఒకవేళ కూడా నవ్వింది.

"కాగితం చాల్లేదు. బల్ల మీద గీశాను. బల్ల చాల్లేదు, గోడెక్కాను. గోడ అయిపోతే పక్క గది గోడ, అదీ అయిపోతే వరండా, మెట్లు, మెట్ల కింద చీకటి కొట్టు. ఊడ్చేవాళ్లు బాణం చెరిగిపోతుందని గోడంచున బల్లిలా పాకుతూ పోయేవాళ్లు. రంగులేసేవాళ్లు వచ్చి, సార్, మాకు తెల్లగోడ అంటూ ఒక్కటైనా మిగల్చండి, పిల్లలు గలవాళ్లం, అని కాళ్లావేళ్లా పడ్డారు. నేను ఆగలేదు. ఎందుకంటే లోకంలో ఒకడుంటాడు. లిఫ్టెక్కుతాడు. పైకి పోవాలని ఉండదు, కిందికి పోవాలనీ ఉండదు. పైన బాసు, కింద బతుకు. వాడికేది దారి? వాడికోసం మెట్ల మలుపులో ఒక బాక్సు గీశాను. లోపలికొక బాణం, బయటికి లేదు. ఆ సాయంత్రమే ఎవడో గుమాస్తా వచ్చి ఆ బాక్సుని కాసేపు చూసి, ఇది నాదే సార్, అని లోపలికెళ్లి కూర్చున్నాడు."

"గోడ మీద గీసిన బాక్సులోకా?" అన్నాడు టెస్టరు. ప్రోగ్రాంలో తప్పులు పట్టడం అతని పని. పట్టిన తప్పుల్ని ఎవరూ దిద్దకపోవడం అతని అనుభవం.

"గోడ మీద గీసిన బాక్సులోకే. ఇప్పటికీ వాడికి ఉత్తరాలు ఆ చిరునామాకే వస్తాయి."

"అక్కడింకా ఖాళీ ఉందా బాబాయ్?" అన్నాడు టెస్టరు. జోకులాగే అన్నాడు. అన్నాక గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

బెంచీ మీద ఫోన్ ఒకసారి గుర్రుమంది. బాబాయి తిప్పి చూశాడు. 'కాసేపట్లో పిలుస్తాను. కిందే ఉండు' అని సందేశం. మళ్లీ బోర్లా పెట్టేశాడు, ఈసారి కొంచెం దూరంగా. చల్లారిన టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. గొంతు మాత్రం ఒక మెట్టు పైకెక్కింది.

"ఆ డిజైన్ పూర్తయిన రోజున ఏం జరిగిందో తెలుసా? కోడ్ ఒక్క అక్షరం రాయలేదింకా. నేను ఆఖరి బాణానికి మొన పెట్టాను, పెట్టీ పెట్టగానే ఊరవతల ఆ మేడలో లిఫ్టు దానంతటదే కదిలింది."

"కోడ్ లేకుండానే?"

"కోడ్ ఎందుకయ్యా? ఆలోచన అంత తిన్నగా ఉంటే ఇనుముకి సిగ్గుండదూ? కదిలింది. మీట నొక్కితే రావడం కాదు, నొక్కాలనుకుంటే వచ్చేది. కొన్నాళ్లకి అనుకోకముందే వచ్చేది. ఇంట్లో నిద్రలేచినవాడు గుమ్మం తెరిస్తే ఎదురుగా లిఫ్టు నిలబడి, మీకివాళ ఆఫీసుకి ఆలస్యమవుతుంది, ఎక్కండి, అన్నట్టు చూసేది. ఒకరోజు అది ఉన్న అంతస్తులన్నీ దాటి ఇంకా పైకి పోయింది. కట్టని అంతస్తుకి. గాల్లో ఆగి, తలుపులు తెరిచి నిలబడింది. నా డిజైన్‌లో ఆ అంతస్తు ఉంది, వాళ్లే కట్టలేదు. ఏం చేస్తారు మరి? లిఫ్టు వచ్చేసిందంటే అంతస్తు ఉండి తీరాలిగా. మేస్త్రీల్ని పరుగులెత్తించి, లిఫ్టు గుమ్మానికి కొలతలు తీసుకుని దాని చుట్టూ అంతస్తు కట్టారు."

"లిఫ్టుకి అంతస్తు అతికించారన్నమాట," అంది దుకాణం అక్క. "అతుకు కనపడలేదూ?"

"కనపడదు. నేను గీశాక అతుకు కనపడదు."

ఒకవేళ గ్లాసు కింద పెట్టింది. "బాబాయ్, నువ్వు కుదరదన్నావు కదా. అప్పుడాయన ఎలా చూశాడు? నీకు భయమెయ్యలేదా? అది కొంచెం చెప్పు."

"ఏ కుదరదు?"

"మొదట్లో. గదిలో. రేపటికి రాయమంటే కుదరదు సార్ అన్నావుగా."

"ఓ, అదా." బాబాయి చేత్తో ఈగని తోలినట్టు తోలాడు. "అనేశానంతే. అది చిన్న విషయం తల్లీ. అసలు కథ ముందుంది."

ఆయన కళ్లు ఒక్క క్షణం రోడ్డవతల ఆఫీసు కిటికీల మీదికి పోయి వచ్చాయి. ఒకవేళ ఆ చూపుని పట్టుకుంది. మళ్లీ గోడకి ఆనుకుంది.

"ఊళ్లో వాళ్లొచ్చారు," అన్నాడు బాబాయి, ఇప్పుడు బెంచీ అంచుకి జరిగి. "బాబ్బాబు, లిఫ్టొక్కటే బాగుపడితే ఎలా, మా వీధులు కూడా గీసిపెట్టమన్నారు. సరేనని మేడ గుమ్మంలోంచి ఒక బాణం లాగాను రోడ్డు మీదికి. సున్నంతో. అది మొదలు జనం బాణాల మీదే నడిచారు. ఎదురెదురు గుద్దుకోవడం లేదు, తప్పిపోవడం లేదు. ఒక్కచోట మాత్రం, చూడండి నిజం దాచను, కూడలిలో గుండ్రంగా తిప్పి బయటికి పోయే దారి గీయడం మర్చిపోయాను. ఒక బస్సు అందులో పడింది. తిరుగుతోంది, తిరుగుతోంది. డ్రైవరుకి గడ్డం పెరిగింది. ముందు సీట్లో అబ్బాయి, వెనక సీట్లో అమ్మాయి ఒకరినొకరు చూసుకున్నారు, బస్సులోనే ఒకింటివాళ్లయ్యారు, వాళ్ల పిల్ల కండక్టరు దగ్గర ఎక్కాలు నేర్చుకుంది. నేను విషయం తెలిసి పరిగెత్తుకెళ్లి చాక్‌పీసుతో ఇంత బాణం గీస్తే, అప్పుడు బయటపడ్డారు. ముసలి డ్రైవరు దిగొచ్చి నన్ను కావలించుకుని, బాబూ, టికెట్టు లేని ప్రయాణికురాలు ఒకతె ఎక్కువైందయ్యా, అన్నాడు."

ఈసారి నవ్వు బెంచీలు దాటి రోడ్డు మీదికి పోయింది. అటుగా పోతున్నవాళ్లు ఇద్దరు ఆగి నిలబడ్డారు. జనం పెరిగేకొద్దీ బాబాయి చేతులు పెరిగాయి.

"అక్కడితో ఆగిందా? వానొచ్చింది. కూడలి పైకొచ్చి ఆగిపోయింది. నేను రోడ్డు మీద గీసిన ప్రశ్న ఉంది కదా, 'తడపాలా, వద్దా?' అని. బాణం ఎటుందో చూసుకునేదాకా చినుకు రాల్చలేదు. పొద్దున సూర్యుడు మా ఇంటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు. బాబాయిగారూ, ఇవాళ రావాలా, సెలవు పెట్టుకోవచ్చా? మా ఆవిడ కాఫీ ఇచ్చేది. నా చేతిలో గ్లాసు వేడెక్కిపోయిందండీ అని ఆవిడకే తిరిగిచ్చేసేవాడు."

"మరి ఇంత చేసినోడివి ఇక్కడ చల్లటి టీ తాగుతున్నావేంటి బాబాయ్?" అన్నాడు రోడ్డు మీద ఆగినవాళ్లలో ఒకడు.

"కలికాలం," అన్నాడు బాబాయి గంభీరంగా. నవ్వు ఆగనివ్వలేదు. ఫోన్ వంక మళ్లీ చూశాడు. నుదుటి మీద చెమట. ఆ చెమట ఎండకి కాదని ఒకవేళకి తెలుసు. ఇప్పుడామెకి ఇంకోటి కూడా తెలిసింది. ఈయన ఆ మాటని నోటికి అలవాటు చేసుకోవడం లేదు. అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ ఆ మాటకి దూరంగా ఎక్కిపోతున్నాడు. గదిలో నిలబడి కుదరదు అనడం కన్నా, సూర్యుడికి సెలవివ్వడం ఈ మనిషికి తేలిక.

ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయింది. మనుషుల్ని ఇలా తయారుచేసే గదుల మీద, ఆ గదుల్లో బోర్డుల మీద, ఆలోచించే పనికి జీతమిచ్చి ఆలోచించొద్దనే లెక్క మీద. ఎంత లోతుగా వెళ్లినా ఆ కోపానికి అడుగున పిన్ని మొహం ఒక్కటే మిగిలింది, ప్లాస్టిక్ కుర్చీలో.

"ఆఖర్న ఎవరొచ్చారో తెలుసా?" బాబాయి గొంతు తగ్గించాడు. "చావొచ్చింది."

దుకాణం అక్క గరిటె ఆగింది.

"ఎలా ఉంటుందనుకున్నారు? కోరలా, కొమ్ములా? మనలాగే. నలిగిన చొక్కా, చంకలో ఒక ఫైలు, ఆఫీసుకి ఆలస్యమైనట్టు మొహం. పై అంతస్తులో ఒక ముసలాయన కోసం వచ్చింది. లిఫ్టెక్కింది. మీట నొక్కింది. లిఫ్టు కదల్లేదు. మళ్లీ నొక్కింది. లేదు. ఎందుకు కదల్లేదు చెప్పండి? నా డిజైన్‌లో అన్నిటికీ బాక్సుంది, పిల్లికి ఉంది, పిడుక్కి ఉంది, మతిమరుపుకి ఉంది. చావుకి లేదు. కావాలనే గీయలేదు. బాక్సు లేనిది లేనట్టే. అది ఎక్కినట్టే లిఫ్టుకి తెలియదు. తలుపులు బాదింది. అయ్యా, నేనిక్కడే ఉన్నాను, నాకూ పనుంది, అంది. అరిచింది. ఏడ్చింది. ఎవరికి వినిపిస్తుంది? బాక్సు లేనివాళ్ల గొంతు ప్రోగ్రాంకి వినిపించదు. అలా తలుపు దగ్గరే కూలబడిపోయింది, మోకాళ్లలో తల పెట్టుకుని. ఆ మేడలో మరి ఎవరూ చావలేదు. ఇప్పటికీ చావడం లేదు. వెళ్లి చూసుకోండి."

చప్పట్లు కొట్టారు. రోడ్డు మీదివాళ్లు ఈలలు వేశారు. టెస్టరు బెంచీ మీద అరచేత్తో బాదాడు. బాబాయి గ్లాసు పైకెత్తి తల వంచాడు, నాటకం అయిపోయాక నటుడు వంచినట్టు.

ఒకవేళ కొట్టలేదు. తలుపు దగ్గర కూలబడినది ఆమెకి చావులా కనిపించలేదు. వాచిన పాదాలు, చేతికి పట్టీ, ఒళ్లో నీళ్ల సీసా. నేనిక్కడే ఉన్నాను, నాకింకా అవలేదు, అంటోంది. అయిపోయిందంటోంది తలుపు.

చప్పుడు తగ్గాక ఆమె మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"బాబాయ్, లిఫ్టు కట్టని అంతస్తుకి వెళ్లిందన్నావు. నమ్మాను. బస్సులో పిల్ల పుట్టి ఎక్కాలు నేర్చుకుందన్నావు, నమ్మాను. వాన ఆగి నిన్నడిగింది, సూర్యుడొచ్చి సెలవడిగాడు, అదీ నమ్ముతాను. చావు లిఫ్టులో ఇరుక్కుంది. అది నమ్మాలనే ఉంది నాకు. ఇవేవీ నాకు కష్టం కాలేదు. ఒక్కటి మాత్రం ఎంత మింగుదామన్నా గొంతు దిగడం లేదు."

"ఏది తల్లీ?" అన్నాడు బాబాయి, ఇంకా నవ్వుతూనే.

"మొదటిది. గదిలో నిలబడి, ఆయన కళ్లల్లోకి చూసి, కుదరదు సార్ అన్నానన్నావే. అది."

టెస్టరుకి నవ్వు సగం వచ్చి ఆగిపోయింది. రోడ్డు మీదివాళ్లకి ఏం అర్థమైందో, మెల్లగా కదిలిపోయారు. దుకాణం అక్క పాలు పొంగుతున్నా చూడలేదు. బాబాయి గ్లాసు ఎత్తిన చేయి అలాగే ఉంది, దించడానికి దారి తెలియనట్టు. కట్టిన అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి కూలుతుంటే, అడుగున ఆ మనిషి ఒక్కడే కనిపించాడు. మెడ దగ్గర నలిగిన కాలరు. జుట్టు మొదట్లో రంగు అంటని తెల్లటి గీత.

అప్పుడు ఫోన్ మోగింది.

బాబాయి గ్లాసు దించి దాన్ని తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఫోన్లో మాట్లాడటానికి నిలబడక్కర్లేదని ఎవరూ ఆయనకి ఎప్పుడూ చెప్పినట్టు లేదు. ఖాళీగా ఉన్న చేయి దానంతటదే పొట్ట మీదికి వచ్చి ముడుచుకుంది.

ఒకవేళ ఆయన పెదాలని చూస్తోంది. ఆ మాట ఎంత చిన్నది. పలికే క్షణంలో పెదాలు ఎలా కదలాలో కూడా ఆమె తన నోటితో చేసి చూపించింది, పసిపిల్లకి అన్నం తినిపించే తల్లి తనూ నోరు తెరిచినట్టు.

"ఆఁ సార్... కిందే ఉన్నాను సార్... ఆ అమ్మాయి చెప్పింది సార్. చూశాను... అంటే, అది..." ఆయన కళ్లు ఆమె మీద పడ్డాయి. ఒక్క క్షణం నిలిచాయి. పక్కకి జారిపోయాయి. "ఏం లేదు సార్. చిన్న విషయం. సిద్ధమే సార్. అలాగే సార్."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జేబు దొరకడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాడు. చల్లారిన టీని చూశాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. ఆయనకి తెలిసిన మాటలు అవే.

"అది కాదు తల్లీ," అన్నాడు. "ఆ రోజు గదిలో నిజంగానే... నేను ఆ మాట అన్నాక... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఒకవేళ లేచి నిలబడింది. దుకాణం అక్క చేతికి గ్లాసు అందించింది.

"తెలుసు బాబాయ్," అంది. "సోమవారం మొదలవుతుంది. మంగళవారం మా పిన్ని వంతు."